సన్నతీగ ముందు

పాటలు రికార్డు చేయడానికి సునీల్ వెంట వచ్చిన సాయికిరణ్ ఒక్కో గదిలో నిలబడి చప్పట్లు కొట్టి చూస్తున్నాడు. వంటింట్లో కొడితే గిన్నెలు బదులు పలికాయి. నడింట్లో కొడితే రేకుల కింద చప్పుడు గుండ్రంగా తిరిగి మళ్ళీ అతని చెవిలోకే వచ్చింది. చివరికి మెర్సీ కుట్టుమిషన్ పెట్టుకున్న గదిలోకి వచ్చి కొట్టాడు. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. గోడల పొడుగునా కొక్కేలకు వేలాడుతున్న చీరలు, లంగాలు, మూలన కుప్పపోసిన బట్టల మూటలు దాన్ని మింగేశాయి.

"అన్నా, గిదే మన స్టూడియో," అన్నాడు సునీల్‌తో.

"గిది నా దుకనం తమ్మీ," అంది మెర్సీ. నోట్లో గుండుసూదులు పట్టుకునే మాట్లాడటం ఆమెకు అలవాటు. "క్రిస్మస్ మీదికొచ్చింది. క్వయర్ పిల్లల జాకెట్లు నెత్తి మీదున్నయి. మీరు ఈడ కూసుంటే నేనేడ కుట్టాలె?"

"నాలుగొద్దులే అక్కా," అన్నాడు సునీల్. "నువ్వు కుట్టుకుంటనే ఉండు. రికార్డు చేసేటప్పుడు జర మిషన్ ఆపు. గంతే."

ఆమె అప్పటికే కత్తిరింపు బల్ల మీది బట్టలు ఎత్తి మంచం మీద వేస్తోంది. వద్దనడానికి నోరు రాలేదు. తమ్ముడు సునీల్ హైదరాబాదు నుంచి రావడమే ఎప్పుడో ఒకసారి. వచ్చినా గిటారు సంచి భుజాన్నుంచి దించకుండానే తిరుగు ప్రయాణం గురించి మాట్లాడతాడు. ఈసారి సంచీ దించాడు. ఫోన్లో అతని వేళ్ళ వేగం చూడని పిల్లగాడు మక్తల్‌లో లేడు. తీగల మీద ఆ వేళ్ళు కనబడవు, పొగలాగా ఉంటుంది. అట్లాంటివాడు తన గదిలో కూర్చుని వాయిస్తానంటే ఆమెకు లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది.

ఆటో తుడుచుకుంటున్న ఆమె మొగుడు నరేష్ వాకిట్లోంచి అన్నాడు, "ఇగ నా ఇంట్ల నేను దగ్గాల్నన్నా బామ్మర్దిని అడగాలె."

సునీల్ నవ్వి, ఆమె దారపు కండెలు కొన్ని ఏరి బల్ల మీద వరసగా పేర్చాడు. నల్లవి, వాటి నడుమ ఎర్రవి.

"చూడక్కా. నల్లయి వట్టి గిటారు. ఏడున్నయి. ఎర్రయి పాటలు, నాలుగు. అన్ని కలిసి ఒక్కటే దినం. కోడి కూయంగ మబ్బుల మొదలైతది, చెలకల ఎండ ఎక్కుతది, మాపయితది. నడుమ ఏడ ఆగేది లేదు. మాట లేని కాడ గిటారు చెప్తది, గిటారుతోని చెప్పలేని కాడ నీ గొంతు వస్తది. ఆరేండ్ల సంది చేస్తున్న. పేరు గూడ పెట్టిన. ఎర్రచెలక."

"పాటలన్నీ నేనేనా?"

"ఇంకెవరు పాడతరు?"

సాయికిరణ్ హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. అయిపోయిన ముక్కలు ఒక్కొక్కటే వినిపించాడు. మెర్సీ జాకెట్టుకు హుక్కులు కుడుతూ వింది. మొదటిది వడగండ్లు పడ్డట్టు ఉంది. రెండోదానిలో తమ్ముడి వేళ్ళు మెట్ల మీద గోలీలు దొర్లినట్టు దొర్లాయి. సూది ఆగలేదు. నాలుగో నల్లకండె దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

అది మెల్లగా నడిచే ముక్క. పైన నాలుగు స్వరాలు దిగుతాయి, కింద ఒకటి గొణిగినట్టు బదులిస్తుంది. మళ్ళీ నాలుగు దిగుతాయి, మళ్ళీ బదులు. మూడోసారి పైన మూడే దిగుతాయి, నాలుగోది రాదు. ఆ రాని నాలుగోది ఆమెకు తెలుసు. దాన్ని రానీయకుండా ఆపింది ఆమే. చర్చి మందిరంలో జనం లేనప్పుడు, కిటికీ కింద చాప మీద కూర్చుని, పద్నాలుగేళ్ళప్పుడు.

"గిదెక్కడిది?" అంది, సూది వైపు చూస్తూనే.

"నాదే. చిన్నప్పటి సంది చేతిల తిరుగుతాంది," అన్నాడు సునీల్. "గదొక్కటే ఇంకా కుదురుతలేదు. పాతిక తీర్ల కొట్టిన. ఏదో తక్కువైతాంది."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "అన్నం ఒండాలె," అని లేచింది.

మర్నాడు పొద్దుటి నుంచి పాటలు మొదలుపెట్టారు. మైకుకు ఆమె పాత పంజాబీ చున్నీ ఒకటి అడ్డం కట్టాడు సాయికిరణ్. కిటికీకి బొంత వేలాడదీశాడు. అంతా సిద్ధమయ్యాక వాకిట్లోంచి టపటపమని చప్పుడు. వాళ్ళ నాయిన ఇస్రాయేలు పొట్టు లేచేలా కర్రతో కందికట్టెలు కొడుతున్నాడు. సర్కారు ఇచ్చిన ఎకరం చెలకలో పండినవి.

"నాయినా, జర ఆపరాదే!" అని సునీల్ అరిచాడు.

"నీ పాట అయ్యేదాంక కందులు కాయల్నే ఉంటయా? మబ్బు వట్టింది," అన్నాడు ముసలాయన కర్ర ఆపకుండా.

చివరికి ఆయన కొట్టే వరస అయిపోయి, కట్టెలు తిరగేసుకునే సందులో పాడాల్సి వచ్చింది. మెర్సీకి అదేం కష్టం కాలేదు. ఇరవై ఏళ్ళుగా ఏడ్చే పిల్లల నడుమ, ఫ్యాన్ల చప్పుడు నడుమ కీర్తనలు పాడిన గొంతు. ఒక్కసారికే మొదటి మూడు పాటలు అయిపోయాయి. సాయికిరణ్ బొటనవేలు ఎత్తి చూపించాడు. సునీల్ కళ్ళు మూసుకుని వింటూ, "అబ్బ, గీ గొంతు ఊరందరికి వినపడకుండ వోయింది గదా," అన్నాడు.

అతను అన్నది ప్రేమగానే. మెర్సీ మైకు ముందు నిలబడి, తన చేయి తొడ మీద కొట్టుకుంటోందని అప్పుడు గమనించింది. బొటనవేలు కిందికి, వేళ్ళు పైకి. ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

మధ్యాహ్నం వాళ్ళు వింటూ కూర్చుంటే ఆమె జాకెట్లు కత్తిరించింది. బజారులో దొరికే కత్తెరలన్నీ కుడిచేతివాళ్ళకే. ఎడమచేత పడితే కత్తెర రెక్కల మధ్య సందు పడి, బట్ట నడుమ మడతపడుతుంది. బొటనవేలిని అరచేతి వైపు గుంజుతూ, మిగిలిన వేళ్ళతో బయటికి నెడుతూ కోయాలి. ఎవరూ నేర్పలేదు. మొదట్లో ఎన్ని బట్టలు పాడుచేసి, వాటికి బదులు ఎన్ని బట్టలు కుట్టి ఇచ్చిందో. ఇప్పుడు ఎర్రగుడ్డ గీతమీద గీతలాగా తెగుతోంది.

సాయికిరణ్ చూస్తున్నాడు. "అక్కా, మీది పుర్రచెయ్యా?"

"అవ్," అంది.

సునీల్ నవ్వాడు. "నీకు తెల్వదురా. చిన్నప్పుడు మందిరంల గిటారు గూడ తలకిందులు వట్టుకునేది. దొడ్డు తీగలు కిందికి, సన్నతీగలు మీదికి. అందరు ఒకటే నవ్వుడు."

"నవ్వలే," అన్నాడు ఇస్రాయేలు. నీళ్ళు తాగడానికి వచ్చి గడప దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "నేనే వద్దన్న. ప్రభువు ముంగట పుర్రచేతితోని ఎట్లయితది? అందరం ఆ చేత్తోని ఏం చేస్తమో ఎరుక లేదా? పాడు బిడ్డా, గొంతుకు కుడి ఎడమ ఉండదంటి. మంచిగనే పాడింది గదా."

ఆయన మాటలో కోపం లేదు. వాన పడింది గనక గొడుగు వేసుకున్నాను అన్నట్టే చెప్పాడు. చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు.

"అయితె గిటారు మీకొచ్చా?" అన్నాడు సాయికిరణ్.

"ఎన్నడో," అంది మెర్సీ. కత్తెర ఆగకుండా చివరిదాకా పోయింది.

మూడోరోజు సునీల్ నాలుగో నల్లకండె ముక్క మీద కూర్చున్నాడు. వేళ్ళతో మీటాడు, బిళ్ళతో మీటాడు. తీగలు గట్టిగా గీకాడు, మెత్తగా గీకాడు. వేగం పెంచాడు, తగ్గించాడు. చిన్న ఆంప్లిఫయర్ డబ్బా అతను ఏం వాయించినా శుభ్రంగా పలికింది. తప్పన్నది ఎక్కడా లేదు. అయినా ప్రతిసారీ చివర తల అడ్డంగా ఊపి, "మళ్ళ," అన్నాడు. మెర్సీ చేతికుట్టు పని తెచ్చుకుని చాప మీద కూర్చుంది. మిషన్ ఆపమన్నారు గదా.

"మతికి వినవడతాంది అక్కా. గట్ల వినవడుడు వేరు. చేతిలకు వస్తలేదు," అన్నాడు విసిగిపోయి.

"మతికి వినవడేటప్పుడు ఎవరు వాయిస్తున్నరు?" అంది మెర్సీ.

"అంటే?"

"అడుగుతున్న. ఎవరి చెయ్యి కనవడతాంది?"

"నా చెయ్యే. ఇంకెవరిది?"

"నీకప్పుడు ఎనిమిదేండ్లు. ఆ గిటారు నీ ఒడిల వట్టకపోయేది. నువ్వు నా పక్కన కూసోని చెప్పులు జతలు వెడ్తుంటివి." దారం పళ్ళతో తెంపింది. "అది నేను కట్టిందిరా సునీల్. మూడోసారి నాలుగో మోత ఆపింది నేనే. ఎందుకాపిన్నో గూడ ఎరుకనే. బయట పాస్టరయ్య బండి సప్పుడయింది. భయపడి ఆపిన. తరువాత గదే మంచిగనిపించింది."

సునీల్ ముఖం ఎర్రబడింది. సాయికిరణ్ ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాడు.

"ఆరేండ్లు చేసిన అక్కా. ఎవ్వరు లేని కాడ ఒక్కన్నే చేసిన. ఇప్పుడొచ్చి ఇది నాదంటే ఎట్ల?"

"అన్ని నాయంటున్ననా? ఆ వడగండ్లది నీది. అది నాతోని ఈ జన్మల కాదు. గిదొక్కటి నాది."

"ఆధారమేంది?" అన్నాడు. అన్నాక అతనికే ఆ మాట బాగా అనిపించలేదు. గిటారు బల్ల మీద పెట్టి, "చాయ తాగొస్తం దా," అని సాయికిరణ్‌ను లేపి తీసుకుపోయాడు.

మెర్సీ ఒక్కతే మిగిలింది. చేతులు అతికించాల్సిన జాకెట్లు వేచి ఉన్నాయి. గిటారు ఎత్తి మంచం మీద పెడితే బల్ల ఖాళీ అవుతుంది. ఆమె ఎత్తలేదు, ముట్టుకోనూ లేదు. దొంగతనంగా వాయించిన రోజులు చాలు అనుకుంది. బల్ల మీద మిగిలిన జానెడు జాగాలోనే గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసింది. చంక దగ్గర వంపు రెండుసార్లు తప్పు గీసి, రెండుసార్లు దులిపింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సునీల్ మెత్తబడ్డాడు. కాగితం సంచిలో మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఆమెకు ఒకటి అందించి, "ఇగ ఊకో అక్కా. నాలుగో పాట వాడుదాం దా. అమ్మ పాట," అన్నాడు. చున్నీ సరిచేసి మైకు ఆమె ఎత్తుకు దించాడు.

మెర్సీ బజ్జీ తిని, చేయి కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. మైకు ముందు నిలబడలేదు.

"నేను పాడ," అంది.

"కోపమొచ్చిందా?"

"కోపం లేదు. అది వాయిస్త. నువ్వు ఇను. ఇన్నంక నీదే అంటే నీదే. అప్పుడు పాడుమంటె పాడత, ఏం పాడుమన్నా పాడత."

సునీల్ సాయికిరణ్ వైపు చూశాడు. "ఇరవై ఏండ్లయె ముట్టక. వేళ్ళేడ తిరుగుతయి?"

"వాయించనీ అన్నా. పోయేదేమున్నది?" అన్నాడు సాయికిరణ్. తర్వాత ఆమెనే అడిగాడు, "రికార్డు వెట్టాల్నా అక్కా?"

"పెట్టు."

మిషన్ ముందరి స్టూలు మీద కూర్చుని గిటారు ఒడిలోకి తీసుకుంది. తలకిందులుగా తిప్పింది. అది ఆమె నేర్చుకున్న కొయ్య గిటారు కాదు, కరెంటుది. చెక్క వంపుగా కోసి ఉన్న వైపు పైకి వచ్చింది, చప్పుడు పెంచే మీటలు ముంజేతి కిందికి వచ్చాయి. మొదటి మోత మోగిందో లేదో మణికట్టు తగిలి మీట తిరిగింది, చప్పుడు పడిపోయింది. సునీల్ పెదవుల మీద నవ్వు మొలిచింది. సాయికిరణ్ లేచి, ఆమె డబ్బాలోంచి కొలతల టేపు పక్కనున్న అంటుటేపు తెంపి మీట మీద అంటించాడు.

రెండోసారి కుడిచేతి వేళ్ళు దారి తప్పాయి. తీగ బర్రుమంది. సూదిపోట్లకు బండబారిన వేళ్ళే, కానీ బండబారింది మరోచోట. తీగ కోస్తున్న చోట చర్మం ఇంకా మెత్తగానే ఉంది. ఆమె వేళ్ళ వైపు చూసుకోలేదు. ఎదురుగా గోడకు వేలాడుతున్న, సగం కుట్టిన ఎర్రజాకెట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఊపిరి రెండుసార్లు పీల్చి వదిలింది.

మూడోసారి వచ్చింది.

ఎడమచేతి బొటనవేలు కిందికి దిగింది. ముందు సన్నతీగ పలికింది, దాని వెనక దొడ్డుతీగ. సునీల్ చేయి ఎన్ని తీర్ల తిరిగినా బరువు ముందు పడి దాని మీద మాట నిలబడేది. ఇక్కడ మాట ముందు పుడుతోంది, బరువు దాన్ని వెతుక్కుంటూ వస్తోంది. పాట బొటనవేలిది. కింద గొణిగే బదులు మిగిలిన వేళ్ళది. నాలుగు స్వరాలు దిగాయి. బదులు వచ్చింది. నాలుగు దిగాయి. బదులు వచ్చింది. మూడు దిగి ఆగాయి. ఆ ఆగిన చోట వాకిట్లో కర్ర చప్పుడు కూడా లేదు. ముసలాయన ఎప్పుడు ఆపాడో ఎవరూ చూడలేదు.

సునీల్ గిటారు వైపు చూడటం లేదు. ఆమె ఎడమచేతి వైపు చూస్తూ, తన కుడిచేయి ఎత్తి గాలిలో తిప్పి చూసుకుంటున్నాడు. ఎటు తిప్పినా అది అటు పోదు.

ఆమె వాయించడం ఆపింది.

"నాకు గట్లనే వినవడేది," అన్నాడు సునీల్. "నేను కింద కూసోని చూస్తుంటి. నీ మోకాలి కాడికెళ్ళి."

మెర్సీ వేలికొసలు నోట్లో పెట్టుకుంది.

సునీల్ లేచి అటూ ఇటూ తిరిగాడు. పనిమంతుడి ఉత్సాహం అతనికి తిరిగొచ్చింది. "అయితె గిట్ల చేద్దాం అక్కా. నీది కింద ఉంటది. దాని మీదికెళ్ళి నేను మెల్లగ వస్త, పోంగ పోంగ వేగం పెంచుత. అద్భుతం అయితది."

"మీద ఏం వద్దు."

"వట్టిగుంటదే."

"ఏదో తక్కువైతాందని మూడొద్దుల సంది నువ్వే అంటున్నవాయె. ఇప్పుడేం తక్కువైంది, చెప్పు."

సునీల్ చెప్పడానికి నిజంగానే వెతికాడు. సాయికిరణ్ హెడ్‌ఫోన్లు ఒక చెవికి పెట్టుకుని మళ్ళీ విని, "ఏం తక్కువ లేదన్నా," అన్నాడు. "ఇందుల గూడ నడుమ ఒక్క కాడ తీగ జర బర్రుమన్నది. అది ఉండనియ్యాల్నా అక్కా? సహజంగ ఉంటది."

"కుట్టు కనవడకుండ కొయ్యొస్తదా?"

"వస్తది."

"కొయ్యి మరి. పనితనం లేని పని నా పేరు మీద ఎందుకు?"

సునీల్ పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి మంచం మీద, జాకెట్ల పక్కన కూలబడ్డాడు. "సరే తల్లీ. గది నీదే. మీద ఏం రాదు. ఇగ అమ్మ పాటన్నా పాడతవా?"

"అది గూడ నేనే వాయిస్త."

"మరి పాడేదెవరు?"

"రాసిందెవరు?"

అతని నవ్వు ఆగింది. "ఏయ్. నాకు గొంతేడిది? పాడొస్తలేదనే గదా గిటారు వట్టింది."

"నాకు పాడొచ్చుడు జేసి గిటారు వోయింది," అంది మెర్సీ. గట్టిగా అనలేదు. స్టూలు కొంచెం పక్కకు జరుపుకుని, అతనికి నిలబడేంత జాగా చేసింది. "అమ్మ చెలకకు పోంగ ఎన్కనే ఏడ్చుకుంట ఉరికింది నువ్వు. ఆ మాట నీ నోటికెళ్ళి రావాలె. నేను పాడితె అందరు మంచిగ పాడింది అంటరు. గంతే."

గడప దగ్గర నీడ పడింది. ఇస్రాయేలు తలపాగాకు అంటిన కందిపొట్టు దులుపుకుని, గడప మీద కూర్చున్నాడు. కూతురి ఒడిలో తలకిందులుగా ఉన్న గిటారును చూశాడు. ఆ చేతిని చూశాడు.

"పాడురా," అన్నాడు కొడుకుతో. "ఇంటం."

సునీల్ లేచి మైకు ముందుకు వచ్చాడు. వేల మంది ముందు కళ్ళు మూసుకుని వాయించినవాడు, ముగ్గురి ముందు నిలబడి నుదురు తుడుచుకున్నాడు. మెర్సీ మెల్లగా మొదలుపెట్టింది. అతను అందుకోవాల్సిన చోటు వచ్చింది, పోయింది. ఆమె మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి అందుకున్నాడు.

"మబ్బుల లేసి చెలకకు వోయిన అమ్మా,
మాపటికి నీ నీడ ఇంటికొచ్చె, నువ్వు రావైతివి..."

రెండో వరస చివర గొంతు పగిలింది. ఆగిపోయాడు. భుజాన గిటారు లేకపోవడంతో చేతులు రెండూ ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకసారి జేబుల్లో దోపాడు, ఒకసారి మైకు కర్రను పట్టుకున్నాడు. కర్ర కిర్రుమంది. సాయికిరణ్ రెండు చేతులతోనూ వద్దని సైగ చేశాడు.

"చేతులేం చెయ్యాలక్కా?" అన్నాడు దీనంగా.

"ఎన్కకు కట్టుకో," అంది మెర్సీ. "క్వయర్ల మమ్ముల గట్లనే నిలవెట్టెటోళ్ళు."

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మళ్ళ," అంది ఆమె, బొటనవేలు దించింది.